తడి ఆరని పొర

ఇంధనాల కథ: 17వ భాగం

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలకు సెలవు. షట్టర్లు దించేసిన ఆ దుకాణాల ముందే పాత పుస్తకాల బజారు లేస్తుంది. జనరల్ పోస్టాఫీసు చౌరస్తాకు అటూ ఇటూ ఫుట్‌పాత్ మీద టార్పాలిన్లు పరిచి, పుస్తకాలు గుట్టలుగా పోస్తారు. పాత ఎంసెట్ గైడ్లు, అట్ట ఊడిన నవలలు, ఏదో కాలేజీ లైబ్రరీ ముద్ర ఇంకా చెరగని ఇంజనీరింగ్ పుస్తకాలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. చాలా ఏళ్ల కిందట ఆ గుట్టల్లో నాకు ‘మోడరన్ ఎలక్ట్రోకెమిస్ట్రీ’ రెండు సంపుటాలు కనిపించాయి. రాసినవారు బాక్రిస్, రెడ్డి. నాకు కావలసింది రెండో సంపుటం. అదొక్కటే ఇమ్మని అడిగాను.

“రెండూ కల్పి తీస్కపో సార్. ఒక్కటి నువ్వు తీస్కపోతె ఇంకోదాన్ని ఎవడు కొంటడు?” అన్నాడు పుస్తకాలాయన.

అతను చెప్పిందీ న్యాయమే. రెండూ మోసుకొచ్చాను.

ఆ రెడ్డి పూర్తి పేరు అమూల్య కుమార్ ఎన్. రెడ్డి. 1930లో బెంగళూరులో పుట్టారు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో పరిశోధన చేసి, తర్వాత అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జాన్ బాక్రిస్‌తో పనిచేసి, 1966లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు తిరిగొచ్చారు. పుస్తకం 1970లో వెలువడింది. నాలుగేళ్లకే ఆయన దృష్టి పల్లెల వైపు మళ్లింది. గ్రామాలకు పనికొచ్చే సాంకేతిక పరిజ్ఞానం కోసం 1974లో ‘అస్త్ర’ అనే విభాగాన్ని మొదలుపెట్టారు. ఎలక్ట్రోడ్ మీద అణువు ఎలా కదులుతుందో అంత వివరంగా రాసిన చెయ్యి, పొగ రాని పొయ్యి గురించీ గోబర్‌గ్యాస్ గురించీ అంతే శ్రద్ధగా రాసింది. ఫ్యూయల్ సెల్ చరిత్ర చదివేవాళ్లు ఎవరైనా ఆ పుస్తకం మీదుగా పోవలసిందే. బాక్రిస్ మరో శిష్యుడు సుప్రమణియం శ్రీనివాసన్. 1969లో గురువుతో కలిసి అచ్చంగా ఫ్యూయల్ సెల్స్ మీదే పుస్తకం రాసింది ఆయనే. ఆయన ఈ కథలో కాసేపటికి మళ్లీ వస్తారు.

పోయిన భాగంలో విలియం గ్రోవ్ దగ్గర ఆగాం. 1839లో, ఇక్కడ నాసిరుద్దౌలా నిజాంగా ఉన్న రోజుల్లో, వేల్స్‌కు చెందిన ఈ లాయరు గంధకామ్లంలో రెండు ప్లాటినం రేకులు ముంచి, ఒకదానికి హైడ్రోజన్‌నీ ఇంకొకదానికి ఆక్సిజన్‌నీ తగిలేలా చేస్తే కరెంటు పుడుతుందని చూపాడు. మంట లేదు, పొగ లేదు, తిరిగే చక్రం లేదు. మిగిలేది నీరు. అంత చక్కని సంగతి తెలిశాక కూడా 120 ఏళ్లపాటు అది ప్రయోగశాల గడప దాటలేదు. ఆమ్లం ఒలుకుతుంది, రేకు మీద వాయువు తగిలే చోటు మరీ తక్కువ. ఆ ఆమ్లాన్ని ఒక పల్చటి పొరలో బంధించడం ఎలాగో తెలిసిన రోజు నుంచే ఈ భాగం కథ నడుస్తుంది.

ముందు ఆ పొర చేసే పని చూద్దాం. నాంపల్లి ఎగ్జిబిషన్‌కు, అదే నుమాయిష్‌కు, జనవరిలో ఎప్పుడైనా బండి మీద వెళ్లారా? మనుషులు అజంతా గేటులోంచి నడిచి లోపలికి పోవచ్చు. బండికి మాత్రం గేటులో ప్రవేశం లేదు. అది రోడ్డు మీద చుట్టూ తిరిగి పార్కింగ్ వెతుక్కోవాలి. హైడ్రోజన్ అణువు ప్లాటినం రేణువు మీద వాలగానే ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. ప్రోటాన్ నడిచొచ్చిన మనిషి లాంటిది, పొరలోంచి నేరుగా అవతలికి పోతుంది. ఎలక్ట్రాన్‌ను పొర రానివ్వదు. అది బయటి తీగ పట్టుకుని చుట్టూ తిరిగి రావాలి. ఆ చుట్టు తిరిగే దారిలోనే మన బల్బు, మన మోటారు ఉంటాయి. అవతలి గట్టున ప్రోటాన్, ఎలక్ట్రాన్, గాలిలోని ఆక్సిజన్ మూడూ కలుసుకుని నీరవుతాయి. అందుకే దీన్ని ప్రోటాన్ ఎక్స్‌ఛేంజ్ మెంబ్రేన్ ఫ్యూయల్ సెల్ అన్నారు. ఈ పని చేసేవాళ్లు ‘పెమ్’ అని పొట్టిగా పిలుస్తారు. మన పాఠ్యపుస్తకాల్లో ఫ్యూయల్ సెల్‌కు ఇంధన ఘటం అనే మంచి మాట ఉంది.

1955లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో విలార్డ్ థామస్ గ్రబ్ అనే రసాయన శాస్త్రవేత్త నీళ్లను శుద్ధి చేసే అయాన్ మార్పిడి ప్లాస్టిక్‌ను పల్చటి రేకుగా చేసి ఆమ్లానికి బదులు వాడాడు. మూడేళ్లకు అతని సహోద్యోగి లియొనార్డ్ నీడ్రాక్ ఆ రేకు మీదే ప్లాటినం అద్దే పద్ధతి కనిపెట్టాడు. అంతరిక్ష పందెం జోరుగా సాగుతున్న కాలం అది. చిన్నగా, ఒలకకుండా, రోజుల తరబడి కరెంటిచ్చే పెట్టె నాసాకు కావాలి. బ్యాటరీలు మోస్తే నౌక ఆ బరువు తట్టుకోలేదు.

1965 ఆగస్టు 21న జెమిని-5 ఎగిరింది. గోర్డన్ కూపర్, పీట్ కాన్రాడ్ అందులో ఉన్నారు. ఫ్యూయల్ సెల్‌తో అంతరిక్షంలోకి మనిషి వెళ్లడం అదే మొదటిసారి. ఎగిరిన కొన్ని గంటలకే ఆక్సిజన్ ట్యాంకులో ఒత్తిడి పడిపోసాగింది. ట్యాంకును వేడిచేసే హీటరు పని మానేసింది. ఇద్దరూ ఒక్కొక్క పరికరమే ఆపేస్తూ, కరెంటు వాడకం కనిష్ఠానికి తెచ్చి, చలిలో కూర్చున్నారు. కింద ఇంజనీర్లు నేలమీది సెల్‌తో అంత తక్కువ ఒత్తిడి దగ్గర పరీక్ష చేసి చూశారు. నడుస్తుందని తేలింది. ఆ యాత్ర దాదాపు ఎనిమిది రోజులు సాగింది. దోషం ట్యాంకుదే తప్ప సెల్‌ది కాదు. ఆ పూట వెనక్కి రప్పించి ఉంటే పెమ్ కథ అక్కడే ముగిసేదేమో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

అయినా జెమిని పొరలో ఒక జబ్బుంది. అది పాలిస్టైరీన్ జాతి ప్లాస్టిక్. సెల్ లోపల పక్కదారిన కొద్దికొద్దిగా పెరాక్సైడ్ పుడుతుంది. దాన్నుంచి వచ్చే హైడ్రాక్సిల్ రాడికల్స్ చెదపురుగుల్లా ఆ ప్లాస్టిక్‌ను తొలిచేసేవి. కరిగిన ముక్కలు నీటిలో కలిసేవి. పుట్టిన నీరు తాగడానికి పనికిరాకుండా పోయింది. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో పెమ్‌ను పక్కనబెట్టి, ఇంగ్లండు ఇంజనీరు ఫ్రాన్సిస్ థామస్ బేకన్ తీర్చిదిద్దిన క్షార ఫ్యూయల్ సెల్‌ను తీసుకెళ్లింది. ఆ నీళ్లు వ్యోమగాములు తాగారు.

జబ్బుకు మందు దోసెపెనంలో దొరికింది. 1938లో, అంటే ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో వంద దుకాణాలతో నుమాయిష్ మొదలుపెట్టిన ఏడాదే, డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా టెఫ్లాన్ కనుక్కున్నాడు. కార్బన్‌నూ ఫ్లోరిన్‌నూ కలిపే ఆ బంధం అంత సులువుగా తెగదు. రాడికల్స్ వచ్చినా చాలావరకు తట్టుకుంటుంది. కాని టెఫ్లాన్‌కు నీళ్లంటే పడదు. పెనం మీద చుక్క వేస్తే గుండులా దొర్లిపోవడం చూస్తూనే ఉంటాం. నీళ్లు పట్టని పొరలో ప్రోటాన్ నడవలేదు. 1960ల చివర అదే కంపెనీలో వాల్టర్ గ్రోట్ టెఫ్లాన్ వెన్నెముకకు అక్కడక్కడ కొమ్మలు వేయించి, కొమ్మల చివర సల్ఫోనిక్ ఆమ్లం తగిలించాడు. వెన్నెముక నీళ్లను తోస్తుంది, కొమ్మ చివర్లు నీళ్లను పీలుస్తాయి. తోసేవన్నీ ఒకచోట చేరి గట్టి చట్రమవుతాయి. పీల్చేవన్నీ ఒకచోట చేరి లోపల సన్నని నీటి కాలువలవుతాయి. ప్రోటాన్లు ఆ కాలువల వెంట పోతాయి. దాని పేరే నాఫియాన్. యాభై ఏళ్లు దాటినా దాన్ని పూర్తిగా పక్కకు తోసిన పొర రాలేదు.

ఇక్కడ కాస్త నిదానంగా నడవాలి. ఎందుకంటే పెమ్‌ను నడపడంలోని కష్టమంతా ఆ కాలువల్లోనే ఉంది.

ఏప్రిల్ వచ్చేసరికి మన ఇళ్లలో కూలర్ బయటికి తీస్తాం. కిందటేడు గడ్డి పీకేసి, ట్రూప్ బజార్‌లోనో ఇంటి దగ్గరి దుకాణంలోనో కొత్త గడ్డి కొని, తడికల్లో సర్ది, వైరుతో కడతాం. పైన పంపు నుంచి నీళ్లు సన్నగా ధార కడితే గడ్డంతా ఒకేలా తడిసి చల్లగాలి వస్తుంది. పంపు ఆగితే గడ్డి ఎండిపోయి వేడిగాలి కొడుతుంది. గడ్డి మరీ ఒత్తుగా కూరి నీళ్లు ఎక్కువ వదిలితే ఫ్యాను తిరుగుతుంది గాని గాలి రాదు. పెమ్ సెల్‌లో పేచీ సరిగ్గా ఇదే. పొర ఎండితే కాలువలు మూసుకుపోయి ప్రోటాన్ కదలదు. ఆక్సిజన్ వైపు పుట్టిన నీరు బయటికి పోకపోతే రంధ్రాలన్నీ నిండి ఆక్సిజన్ లోపలికి రాదు. ఎండనివ్వకూడదు, ముంచనూ కూడదు. 60 నుంచి 80 డిగ్రీల వేడిలో, వందల సెల్స్ దొంతరగా పేర్చిన పెట్టెలో, బండి ఎక్కుతూ దిగుతూ ఆగుతూ పోతుంటే, క్షణక్షణం ఆ తడిని అదే మట్టంలో నిలపాలి. దీనికోసం కార్బన్ దారాలతో నేసిన కాగితం లాంటి పొరలకు మళ్లీ టెఫ్లాన్ పూసి, నీళ్లు జారిపోయేలా చేస్తారు. గాలి పారే గాళ్లు ఎన్ని మిల్లీమీటర్లుండాలి, ఎటు వంపు తిరగాలి అన్నదాని మీద జీవితాలు వెచ్చించినవాళ్లున్నారు.

పొర పల్చబడే కొద్దీ ఈ పని తేలికవుతుంది. అవతలి వైపు నీరు ఇవతలికి ఊరి పొరను తడిపేస్తుంది. నాఫియాన్ 117 అనే పాత రకం మందం 180 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, వెంట్రుక కన్నా లావు. 1990లలో గోర్ కంపెనీ సాగదీసిన టెఫ్లాన్ వలను లోపల పెట్టి బలం ఇచ్చాక, పొర సన్నబడుతూ వచ్చి ఇవాళ కార్లలో పది మైక్రాన్ల చుట్టుపక్కలకు చేరింది. రాడికల్స్‌ను పట్టి చంపడానికి దాంట్లో కొద్దిగా సీరియం కలుపుతారు.

ఇక ప్లాటినం సంగతి. సెల్ సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు ఇవ్వాలి. నిజంగా పని చేయించేటప్పుడు 0.6, 0.7 దగ్గర నిలుస్తుంది. ఆ నష్టంలో పెద్ద వాటా ఆక్సిజన్‌ది. హైడ్రోజన్ ఇట్టే విడిపోతుంది. ఆక్సిజన్‌లోని రెండు పరమాణువులు మాత్రం ఒకదాన్నొకటి వదలవు, బతిమాలాలి. అబిడ్స్‌లో కొన్న రెండో సంపుటంలో ఈ చర్చ వచ్చే పేజీ అంచున ఎవరో విద్యార్థి పెన్సిల్‌తో ‘ఎందుకింత నెమ్మది?’ అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ ప్రతి ఏటా కొత్త పరిశోధనా పత్రాలు వస్తూనే ఉన్నాయి.

1980ల మొదట్లో చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాముల ప్లాటినం పోసేవారు. అంత పోసినా అందులో ఎక్కువ భాగం ఖాళీగా కూర్చునేది. కారణం అర్థం కావాలంటే అబిడ్స్‌కు ఆ పేరెలా వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ ఇక్కడ పెట్టిన దుకాణం వల్ల. దుకాణం దారులు కలిసే చోట ఉంటేనే బేరం. ప్లాటినం రేణువుకు మూడు దారులు కావాలి. వాయువు వచ్చే దారి, ఎలక్ట్రాన్ పోయే దారి, ప్రోటాన్ పోయే దారి. పాత ఎలక్ట్రోడ్లలో పొరకు అంటుకున్న రేణువులకు మాత్రమే మూడో దారి ఉండేది. లోపలి రేణువులు దారి లేని సందులో దుకాణాలు.

అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఇయాన్ రైస్ట్రిక్ చేసింది వినడానికి చాలా చిన్న పని. నాఫియాన్‌ను ద్రావణంగా కరిగించి ఎలక్ట్రోడ్ లోపలికి పోశాడు. ప్రతి రేణువుకూ ప్రోటాన్ దారి ఏర్పడింది. శ్రీనివాసన్, ఆయన సహచరులు దాన్ని మెరుగుపరిచి 0.4 మిల్లీగ్రాములతోనే మునుపటి కరెంటు తీశారు. పదోవంతు! 1992లో అక్కడే విల్సన్, గాటెస్‌ఫెల్డ్ ఉత్ప్రేరకాన్నీ నాఫియాన్‌నూ సిరాలా కలిపి పల్చగా పూసి, ఇంకా కిందికి దించారు. ఇవాళ్టికీ పెమ్ ఎలక్ట్రోడ్ అంటే ఆ సిరా పూతే. ఫ్యూయల్ సెల్ అంతరిక్షం దిగి రోడ్డెక్కింది ఆ పూత వల్లే. మిగతావన్నీ దాని తర్వాతే అని నా నమ్మకం.

ఆ తర్వాత కథ వేగంగా సాగింది. కెనడాలో బ్యాటరీల కోసం మొదలైన బలార్డ్ కంపెనీ 1983లో రక్షణ శాఖ కాంట్రాక్టుతో పెమ్ వైపు మళ్లి, 1993కల్లా వాంకూవర్‌లో బస్సు నడిపి చూపింది. 2014 డిసెంబరులో టయోటా ‘మిరాయ్’ కారును అమ్మకానికి పెట్టింది. 2018 సెప్టెంబరులో జర్మనీలో ఫ్యూయల్ సెల్ రైలు ప్రయాణికులను ఎక్కించుకుంది.

మన దగ్గర ఈ పని తొలిరోజుల్లో మరో రకం సెల్‌తో సాగింది. హైదరాబాద్‌లోని భెల్ పరిశోధన విభాగం ఫాస్ఫారిక్ ఆమ్లంతో నడిచే 50 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ తయారుచేసింది. పొరతో నడిచే రకం మీద 1990లలో చెన్నైలో స్పిక్ సైన్స్ ఫౌండేషన్ పనిచేసింది. అక్కడ అనుభవం గడించిన కె.ఎస్. దాతాత్రేయన్ వంటివారు తర్వాత మన బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ సంస్థ చెన్నైలో నడిపే ఫ్యూయల్ సెల్ కేంద్రంలో దాన్ని కొనసాగించారు. పొరలకు ఇరువైపులా గాళ్లు తొలిచిన పలకలు ఉంటాయి. వాటిని ఉబ్బించిన గ్రాఫైట్‌తో అచ్చొత్తడం ఆ కేంద్రం సాధించిన పనుల్లో ఒకటి. పెద్ద పేరు రాని పనులివి. పలక బరువు తగ్గితే పెట్టె బరువు తగ్గుతుంది, ధర తగ్గుతుంది. పునాదిరాళ్లన్నీ ఇలాగే ఉంటాయి.

నాంపల్లి స్టేషన్‌కు వద్దాం. 1907లో నిజాం రైల్వే కట్టిన స్టేషన్ అది. పట్టాలు అక్కడితో ఆగిపోతాయి, ఇంజను ముందుకు పోయే దారి లేదు. బొగ్గు ఇంజనూ డీజిలూ చూసిన ఆ ప్లాట్‌ఫారాలకు 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ కరెంటు బండ్లు వచ్చాయి. నాలుగో రకం బండి ఇంకా అక్కడికి రాలేదు గాని, దాని తయారీలో ఈ నగరం చెయ్యి ఉంది. దేశంలో తొలి హైడ్రోజన్ రైలు కోసం డీజిల్ బండిని మార్చే పనిని, అవసరమైన నేలమీది ఏర్పాట్లతో సహా 111.83 కోట్ల రూపాయలకు, రైల్వే శాఖ అప్పగించింది హైదరాబాద్ సంస్థ మేధా సర్వో డ్రైవ్స్‌కే. హరియాణాలో జింద్, సోనిపట్ మధ్య 89 కిలోమీటర్ల దారి దానికి కేటాయించారు. రెండు కొసల పవర్ కార్లు, మధ్య ఎనిమిది పెట్టెలు. 2025 జూలైలో చెన్నైలోని రైలుపెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో పవర్ కారు పరీక్ష విజయవంతమైంది.

నేను ఈ వార్తను గర్వంగానే చదివాను. దాంతోపాటు ఇంకో సంగతీ చెప్పాలి. 2022లో మేధా ఆ రైలు కోసం వంద కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ యూనిట్లు ఎనిమిదింటిని బలార్డ్ దగ్గర ఆర్డరిచ్చింది. బండిని కూర్చడం, మోటార్లనూ బ్యాటరీనీ సెల్‌నూ ఒక తాటి మీద నడిపించడం మనవాళ్లకు వచ్చు. గుండెకాయ మాత్రం కెనడా నుంచి వచ్చింది. ఆ గుండెలోని పొర, పొర మీది సిరా, కార్బన్ కాగితం మనం తయారుచేసుకోవాలి. అసలు విలువంతా వాటిలోనే ఉంది. బ్రాడ్‌గేజ్ దారులు దాదాపు అన్నీ కరెంటుకు మారిన దేశంలో హైడ్రోజన్ రైలుకు చోటు కొద్దే. రైల్వే శాఖ కూడా 35 బండ్లను కొండదారులకూ వారసత్వ మార్గాలకూ అనే చెప్పింది. తీగ వెయ్యలేని చోట్లు, దూరం పోయే లారీలు, కరెంటు పోగానే డీజిల్ జనరేటర్ మోత మొదలయ్యే ఆసుపత్రులు, సెల్ టవర్లు ఈ సెల్‌కు తగిన తావులు. అందుకే రైలు సంఖ్య కన్నా ఆ పొర ఎవరు చేస్తారన్నది నాకు పెద్ద ప్రశ్న.

పైగా మన ఎండలు వేరు. 80 డిగ్రీల దగ్గర నడిచే సెల్ తన వేడిని బయటి గాలికి వదలాలి. జర్మనీలో బయటి గాలి 20 డిగ్రీలుంటే వేడి సులువుగా పోతుంది. హైదరాబాద్ మే నెలలో 42 డిగ్రీల గాలికి వదలాలంటే రేడియేటర్ మరింత పెద్దది కావాలి. ఆ పొడిగాలి పొరను ఎండగొడుతుంది కూడా. నీటికి బదులు ఫాస్ఫారిక్ ఆమ్లం పట్టించిన మరో జాతి పొర 160 డిగ్రీల చుట్టుపక్కల నడుస్తుంది. దానికి తడి బెడద లేదు, హైడ్రోజన్‌లో కాస్త కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా ఓర్చుకుంటుంది. నాఫియాన్ సెల్‌లో పది లక్షల్లో పది వంతులు చేరినా ప్లాటినం ఊపిరాడక కూర్చుంటుంది. ఆ వేడి రకంలో 5 కిలోవాట్ల యూనిట్‌ను సీఎస్ఐఆర్ ప్రయోగశాలలు థర్మాక్స్ కంపెనీతో కలిసి తయారుచేస్తే, 2019 సెప్టెంబరు 26న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆవిష్కరించారు. మన వాతావరణం తెలిసినవాళ్లు పట్టుకోవలసిన దారి ఇదేననిపిస్తుంది. ప్లాటినం అసలే లేకుండా ఇనుము, నత్రజని, కార్బన్‌తో ఉత్ప్రేరకం చేసే ప్రయత్నాలూ నడుస్తున్నాయి. ఆరంభంలో బాగా పనిచేస్తాయి, నిలకడ ఇంకా చాలదు. ఫ్లోరిన్ ప్లాస్టిక్‌లు మట్టిలో ఎన్నేళ్లకూ కరగవన్న ఆందోళన పెరిగి, ఫ్లోరిన్ లేని పొరల వెతుకులాట కూడా ఊపందుకుంది.

జింద్ రైలుకు హైడ్రోజన్ ఎక్కడిది? అక్కడే ఒక ఎలక్ట్రోలైజర్ పెట్టారు. దాని లోపల ఉన్నది ఈ భాగంలో చెప్పుకున్న పొరే. ఈసారి పని తలకిందులు. కరెంటు లోపలికి పోస్తే నీరు విడిపోయి, ప్రోటాన్లు పొర దాటి అవతల హైడ్రోజన్ అవుతాయి. ఆక్సిజన్ వైపు ప్లాటినానికి బదులు అంతకన్నా అరుదైన ఇరిడియం కావలసి వస్తుంది. ఆ ఇరిడియం కథ వచ్చే భాగంలో.